చౌడు పోసిన ఎండాకాలం

ఎవరినీ అడక్కుండా నా జీవితంలో నేను కొట్టిన మొదటి మేకు, గోడలోంచి జానెడు పెళ్లను వెంటబెట్టుకుని కింద పడింది.

అయినా నాకు నవ్వే వచ్చింది. నా మేకు, నా గోడ, నా పెళ్ల. పడితే పడనీ అనుకుని ఇంకో మేకు తీసుకున్నాను. అదీ పడింది. మూడోది నిలిచింది. దానికి అద్దం తగిలించి, జుట్టంతా దుమ్ముతో ఉన్నా సరే, ఎదురుగా నిలబడి తల దువ్వుకున్నాను.

ఒక మేకుకే ఇంత సంబరమా అంటారేమో. పెళ్లయ్యాక రెండేళ్లు నాగలమడికలో మా బావగారి ఇంట్లో ఉన్నాను. బావగారంటే మా ఆయన నందీష్‌కు అన్న, ధనంజయ. చెడ్డవాడేం కాదు, పెట్టే చెయ్యి. కానీ ఆ ఇంట్లో తొమ్మిది మందిమి. గోడకు ఒక మేకు కొట్టుకుంటానంటే "కొత్త గోడమ్మా, పగుల్తాది" అనేవాడు. రెండేళ్లూ అద్దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి, వంగి బొట్టు పెట్టుకున్నాను. అందుకే బోడిగుండ్లపల్లిలో పాత మట్టిమిద్దె ఒకటి అమ్ముతున్నారని తెలిసిన రోజు నుంచి నందీష్ చెవిలో జోరీగలా పోరు పెట్టాను. నెల తిరిగేసరికి మిద్దె మాదైంది. ఇది నాలుగేళ్ల కిందటి మాట.

బోడిగుండ్లపల్లి సోలార్ పార్కు కంచెను ఆనుకునే ఉంటుంది. మా ఇద్దరి పనీ ఆ పార్కులోనే. నేను ప్యానెళ్లు కడిగే ఆడవాళ్ల గుంపులో ఉన్నాను, నందీష్ గేటు దగ్గర సెక్యూరిటీ. ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. మిద్దె పాత యజమానులు పావగడలో డాబా కట్టుకుని వెళ్లిపోతూ, తాళంచెవి నా చేతిలో పెట్టి "జాగ్రత్తగా చూసుకోమ్మా" అన్నారు. దేన్ని జాగ్రత్తగా చూసుకోవాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటికే నా కళ్లు గడియ మీద ఉన్నాయి. లోపలి నుంచి వేసుకునే పెద్ద చెక్క గడియ.

రెండంకణాల ఇల్లు. మూరన్నర మందం మట్టిగోడలు, నల్లబడిన దూలాలు, బండలు పరిచిన నేల, వెలుతురు కోసం మిద్దెలో వదిలిన చిన్న గవాచి. పక్కింటికీ మాకూ ఒకటే ఉమ్మడి గోడ. మిద్దె మీదికెక్కితే రెండిళ్లూ ఒకటే కప్పులాగా కనిపిస్తాయి.

నందీష్ మొదటి రోజే నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు.

"సింధూ, ఇది ఇల్లా, గువ్వల గూడా?"

"గువ్వలు అద్దె కట్టవు గానీ ఉండనీలే," అన్నాను.

అప్పటి నుంచి నాకు ఒకటే పిచ్చి. పని నుంచి రాగానే సెల్లులో ఇల్లు బాగుచేసుకునే వీడియోలు చూడటం. ఒకామె పాడుబడిన గదిని నాలుగు గంటల్లో పెళ్లికూతురిలా తయారుచేసేది. ఆమెకు చెమట కూడా పట్టేది కాదు. పావగడ సంతకు పోయినప్పుడు హార్డ్‌వేర్ అంగట్లో సుత్తి, తాపీ, స్క్రూడ్రైవర్ల పెట్టె, ఒక బస్తా సిమెంటు తెచ్చుకున్నాను. పెళ్ల ఊడిన చోట సిమెంటు మెత్తాను. పొద్దున లేచేసరికి అది రొట్టెలాగా ఊడి నేలమీద ఉంది. మట్టిగోడ సిమెంటును దగ్గరికి రానివ్వదని ఆ వీడియో ఆమె చెప్పలేదు. తలుపు మాత్రం గెలిచాను. నేలకు రాసుకుని కీచుమనే తలుపును విప్పి, అడుగున చెక్కి, బందులకు నూనె రాసి మళ్లీ బిగించాను. ఒంటి వేలితో తోస్తే తెరుచుకుంది. ఆ సాయంత్రం నందీష్ చేత పదిసార్లు తెరిపించి, పదిసార్లు మూయించాను.

"తలుపు అరిగిపోతాది, వదిలెయ్," అన్నాడు. కానీ పదకొండోసారి తనే తెరిచాడు.

తర్వాత మిద్దె ఎక్కాను. అక్కడే నా తెలివితేటలన్నీ బయటపడ్డాయి.

పైన ఎక్కడ చూసినా తెల్లటి పొడి మట్టి. కాలు పెడితే పిండిలాగా మెత్తగా అణుగుతోంది. దాంట్లో గువ్వల రెట్టలు, ఎండిన గడ్డి. నాకు ఒళ్లు జలదరించింది. మా పార్కులో మా సూపర్‌వైజర్ మధుకుమార్ రోజూ పొద్దున చెప్పే మాట ఒకటే: దుమ్ముంటే నష్టం, దుమ్ము పోతే లాభం. మూడేళ్లుగా నేను చేసే పనల్లా పైన పడిన దుమ్మును కడిగి పారేయడమే. అలాంటిది నా సొంత ఇంటి నెత్తిన ఇంత దుమ్మా! కొంగు నడుముకు దోపాను. రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం పూర్తిగా ఊడ్చాను. ఏడు గోనెసంచుల మట్టి ఊరి బయట పేడతిప్పలో పోశాను. ఆఖరికి నాలుగు బిందెల నీళ్లు పైకి మోసి, చల్లి, ప్యానెళ్లకు వాడే పొడుగు వైపర్‌తో ఈ చివర నుంచి ఆ చివరకు లాగాను. ఊపు మీద ఉన్నాను కదా, ఉమ్మడి గోడ దాటి పక్కింటి మిద్దెలో సగం కూడా లాగేశాను. పుణ్యం వస్తుందనుకున్నాను. పక్కింటి హొన్నూరమ్మ అవ్వ అప్పుడు ఊళ్లో లేదు. వెంకటమ్మనహళ్లిలో కూతురింటికి పోయి ఉంది.

ఎర్రగా, నున్నగా మెరిసిపోతున్న మిద్దె మీద నిలబడి ఫోటో తీసుకున్నాను. మా బావగారింటి వాళ్లందరికీ పంపాను. అందరూ చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు.

ఉగాది పోయిన రెండో ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. మొదటి జల్లు. మట్టి వాసనకు గంతులేస్తూ గుమ్మంలోకి పరిగెత్తాను. వాన వీధిలో ఎంత పడుతోందో చూసి వెనక్కి తిరిగేసరికి ఇంట్లోనూ అంతే పడుతోంది. ఒక చోట కాదు, రెండు చోట్ల కాదు. జల్లెడ కింద కూర్చున్నట్టుంది. చెంబు పెట్టాను, బకెట్టు పెట్టాను, పళ్లెం పెట్టాను. ఇంట్లో గిన్నెలు అయిపోయాయి గానీ కారే చోట్లు అయిపోలేదు. నందీష్ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నానికి గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. ఎర్రనీళ్లు ఆయన ముక్కు మీంచి జారుతున్నాయి.

వాన తెరిపివ్వగానే తలుపు దగ్గర అరుపు.

"మ్మేయ్! నలభై ఏండ్లుగా నా ఇంట్లో సుక్క పడలే. ఈ పొద్దు నా రాగిపిండంతా ముద్దయిపోయె! ఏం చేసినావే మిద్దెకి?"

హొన్నూరమ్మ అవ్వ. ముందురోజే కూతురింటి నుంచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి నాకంటే ముందు నిచ్చెన ఎక్కింది. పైకి పోయి మిద్దెను అరచేత్తో తడిమింది.

"చౌడు యాడికి పోయె?"

"ఏ చౌడు అవ్వా?"

"మిద్దె మీద తెల్లమన్ను ఉండె గదే!"

"ఆ దుమ్మా? ఊడ్చేసినా. కడిగినా కూడా."

అవ్వ ఆ తడి మిద్దె మీదే చతికిలబడింది. తిడుతుందనుకుని తల వంచుకున్నాను. ఆమె నవ్వుతోంది. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

"నెత్తి మీది గొడుగు తీసి, కడిగి, ఆరబెట్టి, వానలో నిలబడినట్టుండాదే నీ యవ్వారం! అది దుమ్ము కాదు తల్లీ. చౌడు. వాన తగిలితే ఉబ్బి మూసుకుంటాది, చీమ దూరే సందు కూడా ఉండదు. యేటా ముంగారు వానలకు ముందు కొత్త చౌడు పొయ్యాల. మీ ఇంట్లో ఎవురూ చెప్పలేదా?"

ఎవరు చెప్తారు? మా అత్తగారి వైపు వాళ్లు మందల వెంట తిరిగినవాళ్లు. గొర్రెకు జబ్బు చేస్తే ఏ ఆకు నూరి పోయాలో చెప్తారు గానీ మిద్దె సంగతి వాళ్లకేం తెలుసు? నిడుగల్లు కొండ కింద మా పుట్టిల్లు రేకుల ఇల్లు. పారబోసిన ఏడు సంచుల చౌడు కోసం తిప్ప దగ్గరికి పరిగెత్తాను. పేడలో కలిసి, వానకు కాలవ పట్టి పోయింది.

మరుసటి రోజు పొద్దున్నే ధనంజయ బావ వచ్చాడు. గోడల మీది ఎర్ర చారలు, ఎండలో ఆరేసిన పరుపు చూసి నాలుక చప్పరించాడు.

"బట్టలు సర్దుకోండి. నాకు తమ్ముడు బరువు కాదు, నువ్వూ బరువు కాదమ్మా. దీన్ని ఎవురికన్నా అమ్మేసి ఇంటికి వచ్చేయండి."

ప్రేమగానే అన్నాడు. తిడితే తిరిగి ఏదన్నా అనొచ్చు, ప్రేమగా పిలిచేవాళ్లను ఏమంటాం? నాకు ఆ అద్దం, ఆ గడియ, ఒంటి వేలితో తెరుచుకునే ఆ తలుపు గుర్తొచ్చాయి. అవి పోతే మళ్లీ రావని ఖాయంగా తెలుసు.

"ముంగారు దాకా ఉండనీండి బావా," అన్నాను. "అంతలోపల నేను బాగుచేస్తా."

బావ తమ్ముడి వైపు చూశాడు. నందీష్ కాసేపు తల గోక్కున్నాడు.

"సరే," అన్నాడు నాతో. "ముంగారు మొదటి వానకు ఒక్క సుక్క నేల మీద పడినా అమ్మేసి అన్న ఇంటికి పోదాం. మాటంటే మాట. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

"ఆ వానకు నేనే వచ్చి చూస్తా," అన్నాడు బావ బండి స్టార్ట్ చేస్తూ.

నందీష్ మాట ఇచ్చాడంటే రిజిస్టర్లో రాసి సంతకం పెట్టినట్టే. కొట్టివేతలుండవు.

అవ్వ దగ్గరికి పోయాను. "చౌడు యాడ దొరుకుతాది అవ్వా?"

"యాడిదే ఇంకా చౌడు? పొలిమేరలో తెల్లదిన్నె ఉండె. ఊరంతా ఆడే తవ్వుకుంటా ఉంటిమి. సోలార్ వచ్చినాక అది కంచె లోపల పడె. నేను ఐదేండ్లుగా పాత చౌడునే కొట్టి కొట్టి కాలం జరుపుతాండా."

"కంచె లోపల యాడ?"

"రెండు గుండ్లు జోడుగా ఉండాయి చూడు, ఆడ."

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే ఎగిరాను, అవ్వ అరుగు మీది చేట కింద పడింది. జోడుగుండ్ల దగ్గర బ్లాకు మా గుంపుదే! ఎంత కడిగినా మర్నాటికి ప్యానెళ్ల మీద తెల్లగా పేరుకునే మట్టి, మేం రోజూ శాపనార్థాలు పెట్టే మట్టి, అదే చౌడు. మూడేళ్లు దాన్ని తిట్టుకుంటూ కడిగి, ఇంటికొచ్చి అక్కడా కడిగి పారేశానన్నమాట.

అదృష్టం ఏమిటంటే ఆ నెలలోనే ఆ బ్లాకులో కేబులు కోసం గుంత తవ్వారు. తవ్విన తెల్లమట్టి దారి పొడుగునా కుప్పపోసి ఉంది. నీళ్ల ట్యాంకరు తిరగడానికి అడ్డంగా ఉందని మధుకుమార్ రోజూ విసుక్కుంటున్నాడు.

"సార్, ఆ కుప్ప నేను తీసేస్తా," అన్నాను.

"ఎందుకమ్మా నీకు?"

"ఇంటి మీద పోసుకునేదానికి."

ఎండదెబ్బ తగిలిందా అన్నట్టు నన్ను చూశాడు. నీళ్ల బాటిల్ ఇవ్వబోయాడు కూడా. అంతా చెప్పాక నవ్వి, "ఒక్క ట్రాక్టరు పట్టుకుపో. మిగతాది గుంత పూడ్చేదానికి కావాల," అన్నాడు.

మా గుంపు ఆడవాళ్లు డ్యూటీ అయ్యాక కుప్ప ఎత్తి ట్రాక్టర్లో నింపారు. ఐదుగురం చౌడు మీదే కూర్చుని, తెల్లగా దెయ్యాల్లాగా తయారై, పాటలు పాడుకుంటూ గేటు దాకా వచ్చాం. గేటు దగ్గర కర్ర అడ్డం పడింది. కర్ర వెనక మా ఆయన.

"గేట్ పాస్ ఏదీ?"

"మన ఇంటికేప్పా!"

"ఇంటికైనా ఇంద్రలోకానికైనా, పాస్ లేనిది పోదు."

"మన్నప్పా అది! బంగారమా?"

"మన్నే. పార్కు మన్ను."

ట్రాక్టర్లో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. "సింధూ, రేపొద్దున నీ మొగుడు అన్నానికి కూడా పాస్ అడుగుతాడే!" నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఎండలో కిలోమీటరు వెనక్కి నడిచాను. మట్టికి పాస్ ఎలా రాయాలో మధుకుమార్‌కూ తెలియదు. కాసేపు పెన్ను కొరికి, 'మట్టి, ఒక ట్రాక్టరు, తిరిగి తెచ్చేది కాదు' అని రాసి ముద్ర కొట్టాడు. నందీష్ దాన్ని రెండుసార్లు చదివి, పుస్తకంలో ఎక్కించి, కర్ర ఎత్తి, నాకు సెల్యూట్ కొట్టాడు. ఆ రాత్రి సంగటిలోకి ఉప్పు లేని పులుసు పోశాను. చివరి ముద్ద దాకా తిన్నాడు. నాకు కోపం ఉన్నా, నా మొగుడు అలాంటి మనిషని లోపల గర్వంగానూ ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

మే నెల మొత్తం నాకు బడి. అవ్వ పంతులమ్మ. ఎర్రమట్టిలో కొర్రగడ్డి తరిగి వేసి, ఐదు రోజులు నానబెట్టి రోజూ తొక్కాలి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దోళ్లు ఊరికే అన్లేదు," అంటూ నందీష్ అరుగు మీద కూర్చుని చూసేవాడు. మూడో రోజు ప్యాంటు మడుచుకుని తనూ దిగాడు. ఆ మట్టితో గోడల పెళ్లలు మెత్తాను. ఈసారి పడలేదు. మిద్దె మీది బీటలన్నీ పూడ్చాను. తర్వాత అసలు విద్య. మిద్దె మీద పడిన నీళ్లు ఎక్కడా నిలవకుండా, బయటికి దూకే రాతి దోనె వైపుకు పారాలి. నేను సెల్లులో మట్టం చూసే యాప్ ఒకటి తీసి పెట్టాను. అవ్వ దాన్ని నా రవికెలోకి తోసేసింది.

"కన్నును నమ్మొద్దు. చెప్పులిడువు. కండ్లు మూసుకో. అరికాలు చెప్తాది యాడ గుంత ఉండాదో."

మొదటి రోజు నా అరికాలు ఏమీ చెప్పలేదు. వేడికి బొబ్బలెక్కింది అంతే. ఐదో రోజు పొద్దున, ఎండ రాకముందు, కళ్లు మూసుకుని నడుస్తుంటే కుడికాలి మడమ కింద సన్నగా ఏదో పల్లం తగిలింది. ఆగాను. అవ్వ చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు సరిగ్గా నా మడమ చుట్టూ నిలిచాయి.

"పట్టినావే!" అని అవ్వ అరిచిన అరుపుకు వీధిలో పోతున్న గొర్రెలు బెదిరాయి. ఆ సంతోషాన్ని ఎలా చెప్పాలో తెలియదు. పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత ఆనందం రాలేదు.

చౌడు పోసే రోజు ఆదివారం పెట్టుకున్నాం. మొదటి గంప ఉమ్మడి గోడ మీద పోయాలట. అది ఆ ఊరి పద్ధతి. గోడ ఇద్దరిదీ కాబట్టి చౌడూ ఇద్దరిదీ. పోశాను. తర్వాత గంప పట్టుకుని అవ్వ మిద్దె వైపు తిరిగితే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు, నీదానికి పోసుకో. నీకు పందెముండాది. నాకు టార్పాలిన్ ఉండాది."

"నేను కడిగిందే గదా అవ్వా," అని ముందు ఆమె మిద్దెకే పోశాను. వెనక్కి నడుస్తూ, గంప ఊపుతూ, పిండి జల్లెడ పట్టినట్టు పల్చగా, సమంగా. తర్వాత మా మిద్దెకు పోస్తూ వచ్చాను. మధ్యాహ్నానికి ఉత్తరం వైపు మూలకు చేరేసరికి చౌడు అయిపోయింది. మూడు గంపలు తక్కువ. కేబులు పరిచి గుంత మూసేశారు, ఇంకో ట్రాక్టరు రాదు. కింద నుంచి గంపలు అందిస్తున్న నందీష్ నిచ్చెన మీంచి తల పెట్టి చూశాడు.

"ఈ మూల పల్చగా ఉండాదే."

"మెల్లగా మాట్లాడు. అవ్వకు తెలిస్తే తన మిద్దె గీకి ఇస్తాది."

ఆయన కిందికి దిగి, ట్రాక్టరు నిలబడిన చోట నేల మీద రాలిన చౌడంతా చీపురుతో పోగుచేసి, చేటలో తెచ్చిచ్చాడు. దోసెడు మట్టి, రెండు దోసిళ్ల రాళ్లు. రాళ్లు ఏరి, దాన్నే ఆ మూలకు చల్లి చెక్కతో కొట్టాను.

మృగశిర కార్తె వచ్చిన నాలుగో రోజు, సాయంత్రం నాలుగింటికి తూర్పున కొండల మీద మబ్బు నల్లగా లేచింది. మొదటి ఉరుముకే ధనంజయ బావ బండి మా గుమ్మం ముందు ఆగింది. అన్నట్టే వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. నందీష్ ఆయన పక్కన కూర్చున్నాడు. నేను గవాచి మీద బండ మూసి వచ్చి, ఇద్దరికీ కాఫీ ఇచ్చాను.

వాన అలా ఇలా రాలేదు. కుమ్మరించింది. వీధి కనిపించలేదు. రాతి దోనె లోంచి నీళ్లు లావుగా దూకుతున్న చప్పుడు వినబడుతోంది. నీళ్లు నేను చెప్పిన దారినే పోతున్నాయి! నాకు కేకలు వేయాలనిపించింది. ముగ్గురం తలలెత్తి దూలాల వైపే చూస్తున్నాం. పది నిమిషాలు. పొడి. పావుగంట. పొడి.

గోడ అవతలి నుంచి అవ్వ గొంతు. "మ్మేయ్ సింధూ! నా ఇంట్లో సుక్క లే! నీకు?"

"ఈడా లే అవ్వా!" అని గొంతు చించుకుని అరిచాను.

అరిచి తల తిప్పేసరికి కనిపించింది. ఉత్తరం మూల, దూలం చివర, ఒక చుక్క. ఇంకా పడలేదు. ఊరుతోంది, లావవుతోంది, వేలాడుతోంది. బావ గవాచి వైపు చూస్తున్నాడు. నందీష్ వైపు చూశాను. ఆయన కూడా ఆ చుక్కనే చూస్తున్నాడు.

అయిపోయింది అనుకున్నాను. ఆ మనిషి సొంత పెళ్లాం మన్నుకు పాస్ అడిగినవాడు. ఇప్పుడు లేచి "అన్నా, అదో" అంటాడు. లేచాడు కూడా. కాఫీ గ్లాసు పట్టుకుని నింపాదిగా ఆ మూలకు నడిచాడు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చుక్క ఆయన మెడ వెనక, కాలరు లోపలికి పడింది. భుజం కొంచెం అదిరింది. కాఫీ ఒక గుక్క తాగాడు.

"గొర్రెలకు సూదులేయించినావా అన్నా?"

"మొన్నే వేయించినా. ఆడ కూచుంటివేందిరా? మంచం మీదికి రా."

"ఈడ సల్లగా ఉండాది అన్నా," అన్నాడు నందీష్.

ఇంకో చుక్క. ఇంకోటి. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ఆయన గొర్రెల ధర అడిగాడు, వదిన మోకాళ్ల నొప్పి అడిగాడు, నాగలమడిక సుబ్బరాయుడి జాతరకు బస్సులు వేసే సంగతి అడిగాడు. జాతరకు ఇంకా ఆరు నెలలుంది. జీవితంలో అన్నతో అంతసేపు మాట్లాడి ఉండడు. వాన అరగంట కురిసింది. ఆ అరగంటా ఒక్క అంగుళం కదలలేదు.

వాన వెలిశాక బావ లేచి, రెండంకణాలూ తిరిగి, బండల మీద చెయ్యి పెట్టి చూశాడు. గోడను అరచేత్తో తట్టాడు.

"కొత్త డాబా, మాకే వంటింట్లో ఒక చోట కారతాది," అన్నాడు. "గెలిచినావమ్మా సింధూ." గుమ్మంలో ఆగి, తమ్ముడి వైపు తిరిగి, "ఆడ్నుంచి లేస్తావా, ఆడ్నే పండుకుంటావా?" అన్నాడు.

"నువ్వు పద అన్నా, జాగ్రత్త. కాళ్లు తిమ్మిరెక్కినాయి," అన్నాడు నందీష్.

బండి చప్పుడు వీధి మలుపు తిరిగిందాకా ఆయన లేవలేదు. లేచాక చూస్తే వీపు మొత్తం చొక్కా అతుక్కుపోయి ఉంది. కాలరు నుంచి నడుం దాకా ఎర్రమట్టి చార. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

"మాటంటే మాట అంటివి గదప్పా," అన్నాను ఎలాగో.

"అంటి. సుక్క నేల మీద పడితే అంటి." చొక్కా విప్పి గుమ్మం బయట పిండుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "యాడన్నా పడిందా, నువ్వే చూసి చెప్పు."

చూశాను. ఆయన కూర్చున్న మేర బండ మీద చేటంత తడి. గబగబా దాన్ని నా కాలితో రుద్దేశాను.

"లేదప్పా," అన్నాను. "యాడా పళ్లే."